గంగాళంలో పెంటియం

మొన్న మా కంప్యూటర్ కొట్టుకి ఇంజనీరింగ్ చదువుతున్న కుర్రాడొకడు వచ్చాడు. కౌంటర్ మీద మోచేతులు ఆనించి, "అంకుల్, ఇప్పుడున్న జనరేషన్ ప్రాసెసర్ తీసుకోమంటారా, వచ్చే జనరేషన్ దాకా ఆగమంటారా?" అని అడిగాడు. నేను సరుకు అమ్ముకుని బతికేవాణ్ణి. షోకేసులో ఉన్నది తీసి చేతిలో పెట్టాలి. అలాంటిది, "దీని తరవాతది ఎలా ఉంటుందో చూద్దామండీ" అని నా నోట్లోంచే వచ్చేసింది. కుర్రాడు హాయిగా వెళ్ళిపోయాడు. లోపల బిల్లులు చూసుకుంటున్న మా ఆవిడ తలెత్తి, "సాయిబుగారు గానీ పూనారా మీకు?" అంది.

పూనారనే అనుకుంటాను. ఆయన పోయి ఏళ్ళు గడిచాయి. బతికుండగా నన్ను ఏడిపించింది చాలక ఇప్పుడు నా బేరాలు కూడా చెడగొడుతున్నారు.

ఆయనది తాడేపల్లిగూడెం. ఇంటి ముందుగదిలో పెళ్ళి వీడియోల మిక్సింగ్ ఆయన వృత్తి. రెండువేల ఆరు, ఏడు ప్రాంతంలో అది గొప్ప పని. కెమెరావాళ్ళు తీసిన టేపులు కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. వాటికి పాటలు కలపాలి. తామరపువ్వు విచ్చుకుంటే అందులోంచి పెళ్ళికూతురు రావాలి, పెళ్ళికొడుకు మంచుకొండల మీద తేలాలి, ఇద్దరూ కలిసి గుండె బొమ్మలో ఇరుక్కోవాలి. అంతా అయ్యాక కంప్యూటర్ ఆ ముక్కలన్నిటినీ కలిపి ఒక్క వీడియోగా వండుతుంది. ఆ వంటకే పూటలు పూటలు పడుతుంది. మధ్యలో మిషను ఆగిందా, మళ్ళీ మొదటినుంచీ వండుకోవాల్సిందే.

అందుకని ఆయనకి వేగంగా పనిచేసే ప్రాసెసర్ కావాలి. ఆ ప్రాసెసర్ కోసం ప్రతి మంగళవారం పాసింజరెక్కి ఏలూరులో నా కొట్టుకి వచ్చేవారు. మంగళవారం పెళ్ళిళ్ళ బేరం ఎవరూ మాట్లాడుకోరు కాబట్టి ఆయనకి ఖాళీ. నా ఖాళీ సంగతి ఆయన ఎప్పుడూ అడగలేదు. చేతిలో గొడుగు, వైరు బుట్ట. బుట్టలో నాకోసం అరటిపళ్ళో, జామకాయలో. మా మాటలన్నీ గోదావరి మాటలే అయినా ఆయన మాట మరీ మెత్తన. ఆయన 'అండీ' అంటే తిట్టడానికి నోరు రాదు. అదే నా కొంప ముంచింది.

"ఏవండీ, ఈ కోర్ టూ డుయో ఎలాంటిదంటారు?"

"బంగారమండీ. వేడి తక్కువ, వేగం ఎక్కువ. మీ పెంటియం ఫోర్ రోజంతా చేసే పని ఇది ఒక పూటలో చేసేస్తుంది."

"అలాగాండీ. మరి దీని తరవాతది ఎలా ఉంటుందంటారు?"

"తరవాత క్వాడ్ అని వస్తోందండీ. లోపల నాలుగు కోర్లుంటాయి."

"నాలుగే." టీ సాసర్‌లో పోసుకుని ఊదుకుంటూ కాసేపు ఆలోచించేవారు. "రానివ్వండి మరి. ఇది కొని ఇంటికి తీసుకెళ్ళాక అది వచ్చిందనుకోండి, దీని మొహం చూడబుద్ధి కాదు కదండీ. పాపం దీన్ని మాత్రం ఎందుకు బాధపెట్టడం?"

క్వాడ్ వచ్చింది. పరిగెత్తుకొస్తారనుకున్నాను. వచ్చారు. డబ్బా చేతిలోకి తీసుకుని దోసకాయని తట్టినట్టు తట్టి చూశారు. చెవి దగ్గర పెట్టుకున్నారు. తిరిగి నా చేతిలో పెట్టి, "దీని తరవాతదండీ?" అన్నారు. ఆ రోజు నాకు ఒళ్ళు మండిపోయింది. అరటిపళ్ళు కూడా తినలేదు.

ఒక్క ప్రాసెసర్ విషయంలోనే ఇలా అనుకుంటే పొరపాటు. ఓసారి ఆయన్ని రైలెక్కించడానికి పవరుపేట స్టేషన్‌కి వెళ్ళాను. గూడెం వెళ్ళే పాసింజరు వచ్చి ఆగింది. కూర్చోడానికి చోటు కూడా ఉంది. ఆయన పెట్టెలన్నీ అటూ ఇటూ చూసి, "వెనకాలది ఇంకా ఖాళీగా వస్తుందేమోనండీ" అన్నారు. ఆ రైలు వెళ్ళిపోయింది. వెనకాలదాని వాకిట్లో ఒంటికాలి మీద నిలబడి, గొడుగు చంకలో నొక్కిపట్టుకుని, నాకు చెయ్యి ఊపుతూ వెళ్ళారు. మొహంలో విచారం మచ్చుకైనా లేదు.

వాళ్ళావిడ ఈ విషయంలో నాకంటే నొచ్చుకున్న మనిషి. "వంకాయలకి పంపిస్తే వెనకాల బండి మీద లేతవి వస్తాయని చూసి చూసి ఉత్త చేతులతో వస్తారండీ ఈయన. నా పెళ్ళిచూపులకి మా అత్తగారు గట్టిగా రెక్క పట్టుకుని కూర్చోబెట్టారు కాబట్టి సరిపోయింది. లేకపోతే నా తరవాత వచ్చే సంబంధం ఎలా ఉంటుందో చూద్దామనేవారే" అని నాతో చెప్పుకునేది. ఆయన పక్కనే కూర్చుని, ఎవరి గురించో చెబుతున్నట్టు నవ్వుతూ వినేవారు.

ఇక లాభం లేదని ఓ మంగళవారం నేనే నోరు జారాను. "మీరు ఎలాగూ కొనరు గానీ, ఉన్న పెంటియంనే ఓవర్‌క్లాక్ చేసుకోండి" అన్నాను. అదేంటన్నారు. ప్రాసెసర్‌కి కంపెనీ ఒక వేగం పెడుతుంది, మనం లోపలి సెట్టింగుల్లో అంకె మార్చి దాన్ని అంతకంటే జోరుగా పరుగెత్తిస్తాం, కాకపోతే పొయ్యిలా వేడెక్కిపోతుంది, మామూలు ఫ్యాను సరిపోదు, కొందరు నీళ్ళు తిప్పి చల్లబరుస్తారు అని చెప్పాను. వ్యంగ్యానికి అన్నమాట. ఆయన సాసర్ కింద పెట్టేశారు.

"అంటే తరమడమన్నమాట. ఇప్పుడున్నదాన్నే తరుముకుంటూ, రాబోయేదాని కోసం ఆగొచ్చన్నమాట. ఇంత మంచి మాట ఇన్నాళ్ళూ కడుపులో ఎందుకు దాచుకున్నారండీ?"

పది రోజులు తిరక్కుండా గూడెం రమ్మని కబురు. వెళ్ళి చూద్దును కదా, రైసుమిల్లుల పనులు చేసే లేత్ మిషనాయన చేత రాగి దిమ్మ ఒకటి తొలిపించారు. అది ప్రాసెసర్ నెత్తిన కూర్చుంది. దానికి రెండు మూతులు. ఆ మూతులకి తాపీమేస్త్రీలు గోడ మట్టం చూసుకునే గాజులాంటి ట్యూబు. ఎండాకాలం కూలర్‌లోంచి పీకిన పంపు. ఆ పంపు మునిగి ఉన్నది వాళ్ళావిడ పుట్టింటివారిచ్చిన పేద్ద ఇత్తడి గంగాళంలో. చల్లనీళ్ళు గంగాళంలోంచి పైకెక్కి, ప్రాసెసర్ వేడి తీసుకుని, గలగలమంటూ మళ్ళీ గంగాళంలో పడుతున్నాయి. పెంటియం ఎన్నడూ లేనంత జోరుగా పరుగెడుతోంది. నిజం చెప్పాలంటే నాకు అసూయ వేసింది.

వాళ్ళావిడ గుమ్మంలో నిలబడి, "పండగపూట బిర్యానీకి గంగాళం లేక పక్కింటికి వెళ్ళానండీ. మీ గంగాళం ఏమైందీ అనడిగారు. ఏం చెప్పను? కంప్యూటర్ స్నానం చేస్తోందని చెప్పనా?" అంది.

అసలు ఇన్ని తిప్పలెందుకో చెప్పాలి. ఆయన కొట్టుకి ఎదురుగానే కొత్త స్టూడియో ఒకటి వెలిసింది. అద్దాల తలుపులు, ఏసీ, డ్యూయల్ కోర్ మిషను. పెళ్ళంతా గంటలోకి కుదించి రెండు రోజుల్లో డిస్కు చేతిలో పెట్టేవారు. మన సాయిబుగారి వీడియో మూడు డిస్కులు. నాలుగైదు గంటలు నడిచేది. ఎందుకంటే ఆయన ఎవ్వర్నీ తీసెయ్యరు. ముహూర్తం, తలంబ్రాలు అందరూ పెడతారు. ఈయన బంతిభోజనాలు మొత్తం పెడతారు. కెమెరా ఆకు ఆకు దగ్గరికీ వెళ్తుంది కదా, ఆ ప్రతి ఆకూ ఉండాల్సిందే. పప్పు కలుపుకునేవాళ్ళు, వేళ్ళు నాక్కునేవాళ్ళు, కెమెరాని చూసి నోట్లో ముద్ద మింగలేక అలా ఉండిపోయినవాళ్ళు. ఆ ముద్దలన్నీ వండలేకే పెంటియం చతికిలబడేది.

"భోజనాలు కోసెయ్యండీ, మీకు ఏ కొత్త ప్రాసెసరూ అక్కర్లేదు" అని నేను నెత్తీ నోరూ కొట్టుకునేవాణ్ణి. ఆయన ఎదుటి స్టూడియో వైపు చూపించి, "అదాండీ? అది పెళ్ళి కాదండీ, వాల్‌పోస్టరు" అనేవారు. అంతకు మించి చెప్పేవారు కాదు.

అయితే జనం వాల్‌పోస్టరుకే ఎగబడ్డారు. టౌను పెళ్ళిళ్ళు ఒక్కొక్కటీ రోడ్డు దాటి అటు వెళ్ళిపోయాయి. ఈయనకి మిగిలింది కొల్లేరు లంక గ్రామాల పెళ్ళిళ్ళు. వాటికీ ముప్పు వచ్చింది. ప్రభుత్వం కొల్లేరు సరస్సులోని చేపల చెరువుల గట్లు కొట్టించేసిన మరుసటేడది. గట్లు పోయినా మిగిలిన చెరువులతో చేపల వ్యాపారం చేస్తున్న ఒకాయన కూతురి పెళ్ళి వీడియో ఈయన ఒప్పుకున్నారు. టేపులొచ్చి నెలలైంది, వీడియో తెమల్లేదు. ఆ పెళ్ళికూతురి నాన్నగారు స్వయంగా వచ్చి కూర్చున్నారు. గురువారం సాయంత్రం వియ్యాలవారు భోజనానికి వస్తున్నారని, ఊరందర్నీ పిలిచి అందరి ముందూ వీడియో వెయ్యాలని, ఆ రోజుకి అందకపోతే టేపులు ఎదుటి స్టూడియోలో ఇచ్చేస్తానని చెప్పి వెళ్ళారు. ఆ చుట్టుపక్కల లంకల్లో ఆయన మాట అంటే మాటే. ఆయన రోడ్డు దాటితే మిగతావాళ్ళంతా వెనకే దాటుతారు.

"కొల్లేరు కూడా పోతే తాళం వేసెయ్యడమేనండీ. మా బావమరిది బట్టల కొట్టులో నాకోసం ఒక స్టూలు ఖాళీగా ఉంచారు" అన్నారు ఆ మంగళవారం. మొదటిసారి ఆయన టీ సగంలో వదిలేశారు. డుయో పట్టుకెళ్ళండి, డబ్బులు తరవాత చూసుకుందాం అన్నాను. వద్దన్నారు. మదర్‌బోర్డు మార్చి, అన్నీ మళ్ళీ ఎక్కించి, సాఫ్ట్‌వేర్‌తో తగూ పడేలోపల గురువారం వెళ్ళిపోతుందన్నారు. అది మాత్రం నిజమే. పెంటియంని ఇంకాస్త తరిమి, బుధవారం పొద్దున్నే వంట మొదలుపెట్టారు.

గురువారం పొద్దున నాకు ఫోనొచ్చింది.

"ఏవండీ, భోంచేశారా?"

"ఇంకా టిఫినే అరగలేదండీ. చెప్పండి."

"ఏం లేదండీ. చిన్న సందేహం. ప్రాసెసర్ నీళ్ళల్లో చేపలుంటే ఏమన్నా అవుద్దాండీ?"

నేను ఫోను ఒకసారి చెవి దగ్గర్నుంచి తీసి చూసుకున్నాను. "ఏం చేపలండీ?"

"కొరమేనులండీ. నాలుగు. మంచి సైజే."

"మీ గంగాళంలోకి కొరమేనులు ఎలా వచ్చాయండీ?"

"అదేనండీ. పెళ్ళికూతురి నాన్నగారు మర్యాద చేశారు."

నేను షట్టరు సగం దించి స్టేషన్‌కి పరిగెత్తాను. వచ్చిన మొదటి రైలే ఎక్కాను.

ఆ మర్యాద ఏమిటో తెలియాలంటే మా కొల్లేటి పద్ధతి తెలియాలి. అక్కడివాళ్ళు తగూకి వచ్చినా ఉత్త చేతులతో రారు. క్యానులో నీళ్ళు పోసి బతికున్న కొరమేనులు తెస్తారు. ఇంటివాళ్ళు వాటిని గబుక్కున గంగాళంలోకి వదులుతారు. కూర వండేదాకా అవి అందులో తిరుగుతుంటాయి. ఆ రోజు పెళ్ళికూతురి నాన్నగారు గూడెంలో చేపలు దింపే పని చూసుకుని, ఐసు వ్యానులోనే తిన్నగా సాయిబుగారి కొట్టుకి వచ్చారు. సాయిబుగారు ఖాళీ డిస్కులు కొనడానికి బజారుకి వెళ్ళారు, వాళ్ళావిడ పెరట్లో ఉంది. మనిషి లేడు గానీ ఎదురుగా గంగాళం నిండా నీళ్ళున్నాయి.

నేను వెళ్ళేసరికి ఆయన పంచె మోకాళ్ళ పైకి మడిచి గంగాళం పక్కన కూర్చుని ఉన్నారు. "నేనొస్తానని నీళ్ళు పట్టి ఉంచారనుకున్నానండీ. పైనుంచి ధార కూడా పడుతోంది. చేపకి గాలి ఆడాలని ఎంత శ్రద్ధ, అనుకుని వదిలేశాను. నాకేం తెలుసండీ, అది కంప్యూటర్ తాగే నీళ్ళని?" అన్నారు. మనిషి భారీగా ఉంటారు గానీ ఆ మాట చిన్నపిల్లాడిలా అన్నారు.

పరిస్థితి బాగాలేదు. వంట ముప్పావు వంతు అయింది. చేపల జిగురు పంపు మూతికి కట్టిన గుడ్డకి పట్టి నీళ్ళు సరిగ్గా లాగడం లేదు. తెరమీద వేడి అంకె మెట్టు మెట్టుగా పైకెక్కుతోంది. ఇంకొంచెం ఎక్కితే మిషను తనంతట తానే ఆగిపోతుంది, చేసిందంతా గంగలో కలుస్తుంది. వేగం తగ్గిద్దామన్నా మిషను ఆపి మళ్ళీ వెయ్యాల్సిందే. చేపల్ని తీసేద్దామంటే, సాయిబుగారు అప్పటికే ఒకసారి చెయ్యి పెట్టారట. చేప ఎగిరి ట్యూబు ఊడింది, మళ్ళీ తగిలించేలోపల అంకె మిషను ఆగిపోయే హద్దు దాకా లేచింది. ఆ ఎగిరిన చేప ఇప్పుడు టేబుల్ కిందుంది. వాళ్ళావిడ చేటతో దాన్ని తరుముతోంది.

నేను చెప్పాల్సిందే చెప్పాను. "దీన్ని ఆపేద్దామండీ. భోజనాలు తీసేసి, ముహూర్తం వరకే మళ్ళీ మొదలుపెడదాం. సాయంత్రానికి ఒక డిస్కు అయిపోతుంది. కొల్లేరు నిలబడుతుంది."

"నాకు కావాల్సింది సాయంత్రానికండీ" అన్నారు పెళ్ళికూతురి నాన్నగారు కూడా.

సాయిబుగారు భుజం మీది తువ్వాలుతో చేతులు తుడుచుకుని, తెర మా వైపు తిప్పారు. వంట బంతిభోజనాల దగ్గరే నడుస్తోంది, బొమ్మలు ఒక్కొక్కటే తెరమీద కదులుతున్నాయి.

"ఎవర్ని తీసెయ్యమంటారండీ?" అన్నారు. "ఈ పెద్దాయన చూడండి, పెరుగు కోసం చూస్తున్నారు. ఈ పిల్లకి ఇప్పుడే లడ్డు వేశారు. ఆకు ముందు కూర్చుని తింటున్న మనుషులండీ వీళ్ళు. బంతిలోంచి లేపెయ్యమంటారా?"

గొంతు పెంచలేదు. ఎప్పటి మెత్తని గొంతే. తినే మనిషిని విస్తరి ముందునుంచి లేపడమంటే మా వైపు ఇక ఆ ఇంటికీ ఈ ఇంటికీ మాటలుండవు. ఇన్నాళ్ళూ ఈ మనిషి వీడియో కొయ్యడమంటే అదనుకుంటున్నారని నాకు తట్టనే లేదు.

పెళ్ళికూతురి నాన్నగారు తెరవైపు చూస్తూ ఉండిపోయారు. తరవాత, "నా ఇంటి బంతిలోంచి ఎవర్నీ లేపడానికి వీల్లేదండీ" అన్నారు. అని, గంగాళంలో చెయ్యి పెట్టి చూసి అదిరిపడ్డారు. "ఇవేం నీళ్ళండీ, చేపలు ఉడికిపోతన్నాయి. ఒరే డ్రైవరూ, వ్యానులోంచి ఐసు పట్రా."

ఆయన బాధంతా చేపల గురించే. ప్రాసెసర్ ఆయన లెక్కలో లేదు. గమేళాతో ఐసు వచ్చింది. నేను ఆత్రంగా మొత్తం గుమ్మరించబోతే నా చెయ్యి పట్టుకున్నారు. "ఒక్కసారి పోస్తే చేప బిగుసుకుపోద్దండీ. కొంచెం కొంచెం వెయ్యాలి" అని, గుప్పెడు వేసి, అరచేత్తో నీళ్ళు తడిమి చూసి, మళ్ళీ గుప్పెడు వేశారు. ఇటు తెరమీద అంకె దిగడం మొదలైంది. చేపలకి హాయిగా ఉన్నప్పుడల్లా ప్రాసెసర్‌కీ హాయిగా ఉంది. సాయిబుగారు ఒక పక్కనుంచి మెల్లిగా గుడ్డ మీది జిగురు తుడిచారు. టేబుల్ కింది చేపని వాళ్ళావిడ చేటలో పట్టి తెచ్చి తన చేత్తోనే గంగాళంలో వదిలింది. మధ్యాహ్నమంతా నలుగురం గంగాళం చుట్టూ కూర్చున్నాం. పెళ్ళికూతురి నాన్నగారు ఐసు వేస్తూ, తెరమీదికి తొంగిచూస్తూ, "మా పెదమావండీ... ఈవిడ మా పిన్ని ఆడబిడ్డ... వీడొచ్చాడా, నేను చూడనేలేదే" అని చెప్పుకుంటూ పోయారు. తగూ సంగతి పూర్తిగా మర్చిపోయారు.

ఎండ తగ్గేవేళకి వంట ముగిసింది. మూడు డిస్కులూ రాశాం. సాయిబుగారు మిషను ఆపి, ప్రాసెసర్ మీది రాగి దిమ్మని తువ్వాలుతో తుడిచారు. వాళ్ళావిడ కూర వండుతానంటే పెళ్ళికూతురి నాన్నగారు ఒప్పుకోలేదు. "పొద్దుట్నుంచీ సేవ చేశాక ఎలా తింటామండీ?" అని ఆ నాలుగు కొరమేనుల్నీ మళ్ళీ క్యానులోకి ఎక్కించి, తీసుకెళ్ళి తన చెరువులోనే వదిలేశారు.

ఇంతకీ ఆయన ఏ ప్రాసెసర్ కొన్నారంటారా? ఏదీ కొనలేదు. కొల్లేరు పెళ్ళిళ్ళు నిలబడ్డాయి, పెంటియం ఇంకొన్ని సీజన్లు పరుగెత్తింది. మంగళవారాలు, టీలు, "తరవాతదండీ?"లు అలాగే సాగాయి. ఎన్నో ఏళ్ళ తరవాత, అందరూ ఫోన్లలోనే తీసుకుని ఫోన్లలోనే చూసుకోవడం మొదలుపెట్టాక, మిక్సింగ్ అడిగేవాళ్ళు లేక ఆయన బావమరిది బట్టల కొట్టులో ఆ స్టూలు మీద కూర్చోక తప్పలేదు. అక్కడ చీర ఎంచుకున్నవాళ్ళతో, "వచ్చే నెల స్టాకు ఇంకా బాగుంటుందేమో చూడండమ్మా" అనేవారట. బావమరిది ఆ మాట చెప్పి ఏడవాలో నవ్వాలో తెలీక నా మొహం చూశారు. సాయిబుగారు పోయినప్పుడు పలకరింపుకి వెళ్ళిన రోజు సంగతి అది.

కానీ ఆయన్ని తల్చుకుంటే నాకు కనిపించేది ఆ స్టూలు కాదు. ఆ గురువారం సాయంత్రమే. పెళ్ళికూతురి నాన్నగారు మా ఇద్దర్నీ వ్యానెక్కించుకుని వాళ్ళ లంకకి తీసుకెళ్ళారు. దీపాలు పెట్టే వేళకి చేరాం. ఇంటి ముందు పందిరి, పందిట్లో బల్ల మీద టీవీ, ఎదురుగా చాపలు. వియ్యాలవారికి కుర్చీలు. ఊరు ఊరంతా ఉంది. మొదటి డిస్కులో తామరపువ్వు విచ్చుకుంది, పెళ్ళికొడుకు మంచుకొండల మీద తేలాడు. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు, కబుర్లు చెప్పుకుంటూనే ఉన్నారు. మాంగల్యధారణ దగ్గర దణ్ణాలు పెట్టుకున్నారు. మూడో డిస్కులో బంతిభోజనాలు మొదలయ్యాయి. పందిరంతా సద్దుమణిగింది.

"అదుగో నేను." "నీ పక్కన నేను." "ఎన్ని గారెలు తిన్నావే." ఒక్కొక్క ఆకు దగ్గరికీ కెమెరా వెళ్తుంటే ఒక్కొక్కరూ మోకాళ్ళ మీద లేచి చూసుకుంటున్నారు. అలా నడుస్తుండగా, సాంబారు బకెట్ పట్టుకుని ఒకతను తెరమీదికి వచ్చాడు. బక్కపల్చటి మనిషి. తలకి తువ్వాలు. గరిటెతో పోసి, వంగి ఏదో అడిగి, మళ్ళీ పోసి, పక్క ఆకుకి జరుగుతున్నాడు. పందిట్లో మాటలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. పెళ్ళికూతురి నాన్నగారు మా వైపు వంగి చిన్నగా చెప్పారు. తన చెరువుల్లో మేత చల్లే మనిషట. పెళ్ళయిన రెండో నెలలో జ్వరమొచ్చి పోయాడట.

వెనక రాట దగ్గర కూర్చున్న అతని భార్య లేచి ముందుకొచ్చింది. చాప అంచున కూర్చుని, "బాబూ, ఇంకోసారి వెయ్యండి" అంది.

సాయిబుగారు రిమోటు తీసుకుని వెనక్కి తిప్పారు. అతను మళ్ళీ వచ్చాడు, మళ్ళీ పోశాడు.

"చూడండమ్మా, చూడండి" అంది ఆమె పక్కవాళ్ళతో. "ఇంట్లో మంచినీళ్ళు ముంచుకు తాగేవాడు కాదు. ఊరందరికీ ఎలా వడ్డిస్తన్నాడో." అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నవ్వి, చెంగుతో మొహం తుడుచుకుంది. "అంత గబగబా పోతన్నాడేంటి బాబూ. కొంచెం నెమ్మదిగా వెయ్యండి."

సాయిబుగారు మీట నొక్కారు. అతను నెమ్మదించాడు.

"ఇంకా నెమ్మదిగా."

మళ్ళీ నొక్కారు. ఇప్పుడు గరిటె లేవడానికే బోలెడంత సేపు పడుతోంది.

"ఇంకొంచెం."

"ఇంతకంటే నెమ్మదంటే ఆపెయ్యడమేనమ్మా" అన్నారు సాయిబుగారు. "ఆపమంటారా?"

"వద్దు బాబూ, ఆపొద్దు. అలా నడవనియ్యండి."

ఆయన రిమోటు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. అతను సాంబారు బకెట్‌తో బంతి చివరికి చేరడానికి చాలాసేపు పట్టింది. వియ్యాలవారితో సహా ఒక్కరూ లేవలేదు.